రాజీ కాగితం రాయించుకున్నాక మళ్లీ కేసేంటి?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా. నాలుగు నెలల కిందట తెల్లవారుజామున మా బావగారి కారు నడుపుకుంటూ వస్తున్నాను. కాలవగట్టు మీంచి ఒక పాలాయన సైకిల్‌తో ఉన్నట్టుండి మెయిన్ రోడ్డెక్కారు. బ్రేకు వేసినా తగిలింది, ఆయన కాలు విరిగింది. నేనే కార్లో ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాను. పోలీసు గొడవ ఎందుకని సైకిల్ మీంచి జారిపడ్డట్టు అక్కడ రాయించాం. ఆపరేషన్ ఖర్చు నేనే కట్టాను. పైన 40 వేలు ఇచ్చి, ఏ కేసూ పెట్టబోమని పెద్దమనుషుల ముందు స్టాంపు కాగితం రాయించుకున్నాను. ఇప్పుడు ఆయన కొడుకు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాడు. ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ నుంచి నాకూ బావగారికీ నోటీసులొచ్చాయి. అప్పుడే చెప్పలేదు కాబట్టి కంపెనీ కట్టదని ఇన్సూరెన్స్ ఏజెంటు అంటున్నాడు. ఎవరిది తప్పయినా కారువాడే కట్టాలా? నాకు లైసెన్సుంది, కారుకు పాలసీ ఉంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: గాయపడిన మనిషిని వదిలేసి పోకుండా ఆసుపత్రికి చేర్చారు. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ డ్రైవరు మీద పెట్టిన మొదటి బాధ్యత అదే. జనం మీద పడి కొడతారన్న భయమో, మన చేతిలో లేని మరో కారణమో నిజంగా ఉన్నప్పుడు మాత్రమే ఆ చట్టం కాస్త వెసులుబాటు ఇస్తుంది. అలాంటప్పుడు కూడా నేరుగా స్టేషన్‌కి వెళ్లాలి గానీ ఇంటికి కాదు. ఇక మిగతా రెండు పనులు మీరు చేయలేదు. దగ్గర్లో పోలీసులు లేకపోతే 24 గంటల్లోపు స్టేషన్‌లో చెప్పాలి. పాలసీ నంబరు, ప్రమాదం జరిగిన తేదీ, సమయం, చోటు, గాయపడినవారి వివరాలు, డ్రైవరు లైసెన్సు వివరాలతో ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి. ఇవి చేయకపోతే 187వ సెక్షన్ కింద మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

స్టాంపు కాగితం సంగతి. పోలీసు కేసు పెట్టకూడదన్న షరతు మీద డబ్బిచ్చి చేసుకున్న ఒప్పందం కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ప్రకారం చెల్లదు. పెద్దమనుషులు ఎంతమంది సంతకాలు చేసినా అంతే. పరిహారం విషయంలోనూ ఆ కాగితం ట్రిబ్యునల్ చేతులు కట్టేయలేదు. న్యాయమైన పరిహారం ఎంతో తేల్చాల్సిన బాధ్యత ట్రిబ్యునల్‌దే. సైకిల్ తొక్కి పాలు పోసుకునే మనిషికి కాలు సరిగా కూడకపోతే జీవనాధారం ఎంత పోయిందో చూడాలని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దాని ముందు 40 వేలు చిన్న మొత్తం. అయితే మీరు కట్టిన ఆసుపత్రి బిల్లులు, 40 వేలకు రసీదు పారేయకండి. అదే ఖర్చు రెండోసారి అడగకుండా అవి పనికొస్తాయి.

నన్ను నిజంగా కలవరపెట్టింది 'జారిపడ్డాడు' అన్న రాత. మన ఊళ్లలో ఇది ఎంత మామూలైపోయిందంటే, ఆసుపత్రి కౌంటర్ దగ్గరే ఎవరో ఒకరు సలహా ఇచ్చేస్తారు. ప్రమాద కేసని రాస్తే ఆసుపత్రి నుంచి స్టేషన్‌కి కబురు వెళ్తుంది కాబట్టి అది తప్పించుకోవడానికి. కానీ ఇప్పుడు ఆ కేస్‌షీటు పట్టుకుని ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు ఏమంటాడో ఊహించండి: ఇది కారు ప్రమాదమే కాదు, డబ్బు కోసం తర్వాత అల్లిన కథ అంటాడు. ఆ వాదన నెగ్గితే పాలాయనకు పరిహారం రాదు. సగం నెగ్గి, మీరిద్దరూ కూడబలుక్కున్నారన్న అనుమానం మిగిలితే కంపెనీ తప్పుకుని భారం మీ మీద పడే ప్రమాదం ఉంది. అందుకని ట్రిబ్యునల్‌లో వేసే కౌంటర్‌లో, అంటే మీ రాతపూర్వక జవాబులో, ప్రమాదమే జరగలేదని రాయొద్దు. జరిగింది ఒప్పుకోండి, తప్పు మీది కాదన్నది మాత్రమే వాదించండి. క్రిమినల్ కేసు కూడా ఉంది కాబట్టి రెండూ ఒకే లాయరు చూస్తే మంచిది. ఒకచోట రాసింది రెండోచోట మీకే అడ్డం రాకూడదు.

ఏజెంటు మాట పట్టించుకోకండి. థర్డ్ పార్టీ పరిహారం (కారు వల్ల గాయపడిన బయటి మనిషికి ఇచ్చేది) ఎగ్గొట్టడానికి కంపెనీకి ఉన్న కారణాలు 150వ సెక్షన్‌లో లెక్కపెట్టి ఇచ్చారు: లైసెన్సు లేకపోవడం, మద్యం తాగి నడపడం, సొంత కారును అద్దెకు తిప్పడం లాంటివి. ఆలస్యంగా చెప్పడం అందులో లేదు. ఈరోజే బావగారి చేత కంపెనీకి ఉత్తరం రాయించి, నోటీసు కాపీ జతచేసి రిజిస్టర్ పోస్టులో పంపండి, ఈమెయిల్ కూడా పెట్టండి. వాయిదాకు మాత్రం తప్పకుండా హాజరవ్వాలి. కంపెనీ చూసుకుంటుందిలే అని ఊరుకుంటే ఎక్స్‌పార్టీ చేస్తారు, అంటే మీరు లేకుండానే కేసు తేల్చేస్తారు. సైకిల్ ఎలా వచ్చిందో చెప్పడానికి మీ తరఫున ఎవరూ ఉండరు.

ఇక ఎవరిది తప్పయినా కారువాడిదే అన్న మాట. 166వ సెక్షన్ కింద పరిహారం అడిగేవారు డ్రైవరు నిర్లక్ష్యం చూపించాలి. క్రిమినల్ కేసులో కావాల్సినంత గట్టి రుజువు అక్కర్లేదు, ఎక్కువ నమ్మదగ్గది ఏదో చూస్తారు. పక్కదారి నుంచి చూసుకోకుండా రోడ్డెక్కితే సైకిల్ ఆయన నిర్లక్ష్యం కూడా ఉన్నట్టే. ఎవరి వాటా ఎంత శాతమో ట్రిబ్యునల్ తేల్చి ఆ మేరకు పరిహారం తగ్గిస్తుంది. కానీ మీ మీద కూడా ప్రశ్నలుంటాయి. 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు సైకిళ్లవాళ్లు, పాదచారులు, పిల్లలు, వృద్ధుల విషయంలో ప్రత్యేక జాగ్రత్త తీసుకోమంటాయి. కాలవగట్ల మీంచి తెల్లారగట్ల పాల సైకిళ్లు వస్తాయని గోదావరి జిల్లాల్లో కారు నడిపేవాళ్లకు తెలియదంటే జడ్జి నమ్మరు. ఎంత వేగంలో ఉన్నారు, ఎక్కడ బ్రేకు వేశారు, కారుకు ఎక్కడ దెబ్బ తగిలింది అన్నవే తేలుస్తాయి. బంపరు మార్పించేసి ఉంటే ఆ బిల్లు జాగ్రత్తగా ఉంచండి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చూసేటప్పుడు అది చూపించి ఉన్నదున్నట్టు చెప్పండి.

మీ తప్పు ఏమాత్రం లేదనే అనుకుందాం. అప్పుడు కూడా 164వ సెక్షన్ కింద తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు అడిగే దారి ఆయనకుంది, దానికి నిర్లక్ష్యం నిరూపించాల్సిన పనిలేదు. ఆ డబ్బూ కంపెనీయే కడుతుంది, అందుకే ఆయన్ని శత్రువుగా చూడకండి.

ఫిర్యాదు ఆలస్యమైంది కాబట్టి కేసు నిలవదని కూడా ఆశ పెట్టుకోవద్దు. ప్రమాద కేసుల్లో ఆలస్యం ఒక్కటే కొంప ముంచదని 2011లోనే సుప్రీంకోర్టు రవి కేసులో చెప్పింది. ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి గడువు ఆరు నెలలు, వాళ్లు అందులోనే వచ్చారు.

పోలీసు కేసు గురించి మరీ భయపడకండి. ఎముక విరిగితే అది తీవ్ర గాయం. దానికి భారతీయ న్యాయ సంహిత 125(బి) కింద గరిష్ఠంగా మూడేళ్లు, నిర్లక్ష్యంగా బండి నడిపినందుకు 281 కింద ఆరు నెలలు. రెండూ బెయిల్ ఇవ్వాల్సిన నేరాలే. స్టేషన్ నుంచి నోటీసు వస్తే (ఇప్పటికీ అందరూ 41ఏ నోటీసు అనే అంటారు, ఇప్పుడది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35వ సెక్షన్) లైసెన్సు, ఆర్సీ, పాలసీ పట్టుకుని వెళ్లండి. పరిహారం సంగతి తేలాక గాయం కేసులో కోర్టు ముందు రాజీ పడొచ్చు. 281 మాత్రం రాజీకి కుదరదు, దాన్నీ కొట్టేయించాలంటే హైకోర్టుకు వెళ్లాలి.

బావగారు ఎందుకు పార్టీ అయ్యారంటే కారు ఆయన పేరున ఉంది. యజమాని అనుమతితో నడిపినవాడి తప్పుకు యజమానీ జవాబుదారే. ఇద్దరికీ ఒకే లాయరు సరిపోతారు. ఎవరైనా వచ్చి 'మీ బావే నడిపాడని చెబుదాం' అంటే మాత్రం ఒప్పుకోవద్దు. మీ లైసెన్సు బాగానే ఉంది కదా, అబద్ధంతో పనేముంది?