జార్జియాలోని ఉష్గులి: పెద్దవాళ్ళతో వెళ్ళొచ్చా, అంత దూరం వెళ్ళడం దండగా?

ప్రశ్న: మా పాప టిబిలిసిలో ఎంబీబీఎస్ చదువుతోంది. జూలైలో విజయవాడ నుంచి నేను, మా వారు, అత్తయ్య, మావయ్య తనని చూడటానికి వెళ్తున్నాం. ఉష్గులి అనే కొండ ఊరు తప్పకుండా చూడాలని పాప పట్టుబడుతోంది. మా వారేమో "రాళ్ళు చూడటానికి అంత దూరమెందుకు, కొండవీడు మన పక్కనే ఉందిగా" అంటున్నారు. అత్తయ్య వాళ్ళు శాకాహారులు, మావయ్యకు మోకాళ్ళ నొప్పులు. వెళ్ళినవాళ్ళెవరైనా చెప్పండి.

జవాబు:

వెళ్ళండమ్మా. కాకపోతే పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేలా మాత్రం పెట్టుకోకండి. ఒక రాత్రయినా ఆ ఊళ్ళో, అక్కడి వాళ్ళ ఇంట్లోనే ఉండండి.

మాది గుంటూరు. సివిల్ ఇంజినీరుగా చేసి రిటైరయ్యాను. సిమెంటు పనుల్లోనే సర్వీసంతా గడిచినా నాకు ఇష్టమైనది మాత్రం రాతి కట్టుబడి. మనవడు జార్జియాలో మెడిసిన్ చదువుతున్నప్పుడు నేనూ మా ఆవిడా వెళ్ళాం. అందుకని రాళ్ళ గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు మీ వారి మాట. కొండవీడు నేను చిన్నతనం నుంచి ఎక్కుతున్న కొండ. 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు అద్దంకి నుంచి రాజధానిని అక్కడికి మార్చుకున్నారు. తర్వాత గజపతుల చేతికి పోయింది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు గెలుచుకున్నాడు. ఆ ప్రాకారాలన్నా, కొండ మీది చెరువులన్నా నాకు ప్రాణం, ఇంతవరకు చూడకపోతే ముందు అదే చూడమంటాను. కానీ అది రాజుల కోట. రాజ్యం నడవడానికి కట్టారు, రాజ్యం పోయాక ఖాళీ అయింది. ఈరోజు అక్కడ కాపురం ఉండేవాళ్ళు లేరు.

ఉష్గులిలో అలా కాదు, ఇంటింటికీ ఒక కోట ఉంటుంది. ఉష్గులి ఉన్న కొండ ప్రాంతాన్ని ఎగువ స్వానేతి అంటారు. అందులో ఆ భాగానికి చాలా కాలం దొర అంటూ ఎవరూ లేరు. ఊరి పెద్దలు కూర్చుని తీర్పు చెప్పుకునేవాళ్ళు. బయటి నుంచి ఎవరైనా మీద పడితే కాపాడటానికి సైన్యం లేదు. ఊళ్ళోనే ఒక హత్య జరిగితే ఆ రెండు కుటుంబాల పగ తరాల పాటు నడిచేది. పల్నాడు పక్కన పుట్టిన మనకు ఆ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. అందుకే ఏ కుటుంబానికి ఆ కుటుంబం ఇంటిని ఆనుకునో, ఇంటి పక్కనో ఒక రాతి బురుజు కట్టుకుంది. ఎక్కువ భాగం 9 నుంచి 12వ శతాబ్దం మధ్యలో కట్టినవని చెబుతారు. మైదాన ప్రాంతాల మీద దండయాత్రలు జరిగినప్పుడు అక్కడి చర్చిల విగ్రహ పటాలు, నగలు దాచడానికి ఈ కొండల్లోకే పంపేవాళ్ళు. ఊరి పైన తమర్ రాణి కోట అని చెప్పే శిథిలం కూడా ఒకటుంది. ఆవిడ 1184 నుంచి 1213 వరకు జార్జియాను ఏలింది. అయితే నన్ను కట్టిపడేసింది ఆ కోట కాదు, రైతులు కట్టుకున్న ఈ బురుజులే.

బురుజు కట్టిన తీరు చెబుతాను. నాలుగైదు అంతస్తులు, 20 మీటర్లు దాటిన ఎత్తు. కింద గోడ మందం మీటరు దాటి ఉంటుంది. పైకి పోయే కొద్దీ గోడ పలచబడుతుంది, బురుజు మొత్తం సన్నబడుతుంది. అలా కట్టబట్టే బరువంతా కిందికి దిగి నిలబడింది. రాయి అక్కడి కొండల్లో దొరికే పలకరాయే, మధ్యలో సున్నం. మన పాత గుళ్ళలో గానుగ సున్నంతో కట్టిన గోడలను చూసి పెరిగినవాడిని కాబట్టి, చెయ్యి పెట్టి తడిమి చూస్తే ఒళ్ళు పులకరించింది. చాలా బురుజులకు నేల మీద వాకిలి ఉండదు. మనిషి ఎత్తు దాటాక పైన ఎక్కడో ఉంటుంది, చెక్క నిచ్చెన వేసుకుని ఎక్కాలి. అంతస్తుకీ అంతస్తుకీ మధ్య ఒక మనిషి దూరేంత కంత, దానికి మళ్ళీ నిచ్చెన. అపాయం వస్తే నిచ్చెన పైకి లాగేసి కంత మీద రాతి పలక మూసేస్తారు. ఇక కింద ఉన్నవాడు ఏమీ చెయ్యలేడు. పై అంతస్తులో గోడ కాస్త ముందుకు పొడుచుకొచ్చి, కిందికి రాళ్ళు వదలడానికి సందులుంటాయి.

ఫొటోల్లో అందరూ చూపించేది ఈ బురుజులనే. నన్నడిగితే అసలు చూడాల్సింది వాటి పాదాల దగ్గరున్న ఇల్లు. బురుజులో ఎవరూ ఎప్పుడూ కాపురం ఉండలేదు, అది ఆపదకు మాత్రమే. బతుకంతా కింది ఇంట్లో. కింది అంతస్తును మచుబి అంటారు. ఒకటే పెద్ద గది, మధ్యలో పొయ్యి. నిప్పురవ్వలు లేచి పైకప్పు దూలాలను అంటుకోకుండా పొయ్యి పైన ఒక పెద్ద పలకరాయిని వేలాడదీస్తారు. చుట్టూ గోడల వెంట చెక్కడపు పనితో చెక్క అరలు. కింది అరలో పశువులు, పై అరలో మనుషులు. ఆవుల ఒంటి వేడి పైన పడుకున్నవాళ్ళకు అందుతుంది. ఏడాదిలో దాదాపు ఆరు నెలలు మంచు ఉండే చోట అదే వాళ్ళ హీటరు. ఇంటి పెద్దకు పొయ్యి దగ్గర ప్రత్యేకంగా చెక్కిన కుర్చీ. పై అంతస్తు దర్బాజీలో ఎండుగడ్డి నిల్వ, వేసవిలో మనుషులు అక్కడికి మారతారు. కట్టుబడిలో ఒక్క అడుగు కూడా వృథా చెయ్యలేదు. ఇలాంటి పాత ఇల్లు, బురుజు కలిపి, ఉష్గులికి వెళ్ళే దారిలో వచ్చే మెస్టియా పట్టణంలో మార్గియాని ఇల్లు అనే మ్యూజియంగా ఉంచారు. ఉష్గులికి వెళ్ళే ముందు అది చూస్తే, ఊళ్ళో బయటి నుంచి చూసే ప్రతి గోడ వెనక ఏముందో మీకు అర్థమవుతుంది.

ఉష్గులి అంటే ఒక్క ఊరు కాదు, ఎంగురి నది మొదట్లో సుమారు 2,100 మీటర్ల ఎత్తున ఉన్న నాలుగు పల్లెల గుంపు. మన అరకు కంటే రెండింతల పైన ఎత్తు. వాటిలో చజాషి అనే పల్లెను తీరిగ్గా నడిచి చూడండి. ఎగువ స్వానేతి 1996లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది ఈ పల్లె వల్లే. పైన జిబియాని అనే పల్లె దాటాక లమారియా చర్చి, దాని వెనక మంచుగోడలా ష్ఖారా శిఖరం. జార్జియాలో అన్నిటికన్నా ఎత్తైనది అదే, 5,190 మీటర్లు దాటుతుంది. చర్చిలోకి వెళ్ళేటప్పుడు ఆడవాళ్ళు తల మీద చున్నీ వేసుకోవాలి.

పగటి బండ్లన్నీ వెళ్ళిపోయాక ఊరు ఊరివాళ్ళకు మిగులుతుంది. రాత్రి ఉండమన్నది అందుకే. ఆవులు వాటంతటవే ఇళ్ళకు చేరతాయి, పొయ్యిలు వెలుగుతాయి. మేం దిగిన ఇంటావిడకు ఇంగ్లీషు రాదు, మాకు ఆవిడ భాష రాదు. అయినా మా ఆవిడా ఆవిడా వంటింట్లో నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నారు. అక్కడి మనుషులు తగ్గిపోతున్నారన్నదే నా బాధ. 1987 చలికాలంలో స్వానేతిలో పెద్ద హిమపాతాలు విరుచుకుపడి ఎన్నో ప్రాణాలు పోయాయి, చాలా కుటుంబాలను మైదానాలకు తరలించారు. కూలి మొండిగా నిలిచిన బురుజులు, తాళం పడ్డ ఇళ్ళు మీకూ కనిపిస్తాయి. మనం కట్టే గది అద్దె ఇప్పుడు వాళ్ళకు ఆ ఊళ్ళో ఉండటానికి ఒక ఆధారం. పొద్దున వచ్చి సాయంత్రం పోయే బండివాడికి ఇచ్చే డబ్బు వాళ్ళకు చేరదు.

తిండి గురించి అత్తయ్యగారికి టెన్షన్ అక్కర్లేదు. కుబ్దరి అనే రొట్టెలో మాంసం ఉంటుంది, అది వద్దని ముందే చెప్పండి. చీజ్ కలిపిన మొక్కజొన్న రొట్టె, చీజ్‌తో మెత్తగా మెదిపిన బంగాళాదుంప, చిక్కుడు గింజల కూర దొరుకుతాయి. స్వాన్ ఉప్పు అని ఒకటి పెడతారు. ఉప్పులో వెల్లుల్లి, ధనియాలు, మెంతి జాతి దినుసు, బంతిపూల పొడి, మిరప కలిపి దంచుతారు. మన వెల్లుల్లి కారం అలవాటున్న నాలుకకు వెంటనే నచ్చుతుంది. అన్నం మాత్రం ఆశించకండి. చిన్న సీసాలో ఆవకాయ పెట్టుకోండి.

దారి సంగతి. టిబిలిసి నుంచి రైల్లో జుగ్దిది అనే ఊరికి, అక్కడి నుంచి వ్యాన్లో మెస్టియా. ఈ దారిలో ఎంగురి డ్యామ్ వస్తుంది, 271.5 మీటర్ల ఆర్చి డ్యామ్. 124 మీటర్ల మన నాగార్జునసాగర్‌ను రాతితో కట్టారు, ఇది కాంక్రీటు. రెండూ చూసినవాడిగా చెబుతున్నాను, మీ వారిని అక్కడ కాసేపు దింపండి. మెస్టియాలో తప్పకుండా రాత్రి ఆగండి. అక్కడి నుంచి ఉష్గులి 45 కిలోమీటర్లు దాటుతుంది. కొండ దారి కాబట్టి కిలోమీటర్లు చూసి టైము లెక్క వేయకండి. పెద్దవాళ్ళున్నారు కనుక షేరింగ్ బండి కాకుండా మీకోసమే ఫోర్ వీల్ బండి మాట్లాడుకోండి, ఎక్కడంటే అక్కడ ఆపించుకోవచ్చు.

మావయ్యగారిని బురుజు ఎక్కించొద్దు. ఆ నిచ్చెనలు మోకాళ్ళు బాగున్నవాళ్ళకే కష్టం. మచుబి కింది అంతస్తే కాబట్టి ఆయన నడిచే లోపలికి వెళ్ళి చూడొచ్చు. ఊళ్ళో సందులు ఎత్తుపల్లాల రాళ్ళు, పేడ, వాన పడితే బురద. పట్టున్న బూట్లు, ఒక చేతికర్ర ఉంటే చాలు. గది తీసుకునేటప్పుడు బాత్రూమ్ గదిలోనే ఉందా, మెట్లెన్ని ఎక్కాలి అని అడగండి. బీపీ, షుగర్ మందులు లెక్కకు మించి పెట్టుకోండి, ఆసుపత్రి కావాలంటే మళ్ళీ మెస్టియాకే రావాలి. నగదు కూడా మెస్టియాలోనే తీసుకోండి. జూలై అయినా రాత్రి స్వెట్టర్లు, సాక్సులు లేకుండా ఉండలేరు.

మెస్టియాకు చిన్న విమానాలు కూడా నడుస్తాయి, పెద్దవాళ్ళకు ఆ దారి సుఖమే. కానీ మబ్బు పడితే రద్దవుతాయి. టికెట్ దొరికినా ఇండియా ఫ్లయిటుకు ముందు కనీసం రెండు రోజులు ఖాళీ ఉంచుకుని తిరుగు ప్రయాణం వేసుకోండి.