రీమ్యాప్, సైలెన్సర్, ర్యాప్: ఆర్సీ ఒప్పుకుంటుందా?

ప్రశ్న: సర్, నేను మియాపూర్‌లో ఉంటాను. సెకండ్‌హ్యాండ్ పోలో కారు కొన్నాను. ఇంజిన్ రీమ్యాప్ (పవర్ పెరిగేలా ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చడం), సౌండ్ వచ్చే సైలెన్సర్, తెల్ల బండికి మ్యాట్ గ్రీన్ ర్యాప్ (బాడీపై అంటించే రంగు షీటు), అద్దాలకు లైట్ ఫిల్మ్ చేయించాలని ఉంది. ‘పొల్యూషన్ సర్టిఫికెట్ వస్తుంది, టెన్షన్ పడకండి’ అంటున్నారు షాపువాళ్లు. నా బండి నా ఇష్టం కాదా?

జవాబు: బండి మీదే. కాకపోతే రోడ్డెక్కేది ఆర్సీలో (రిజిస్ట్రేషన్ పత్రంలో) ఉన్న బండే అయి ఉండాలి. తయారీదారు ఇచ్చిన వివరాలతో ఆర్సీ వివరాలు పొసగకుండా పోయేలా మార్పులు చేయకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. ఆ ఏడాది సవరణతో చేరిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ.

పొల్యూషన్ పరీక్ష చూసేది ఆగి ఉన్న బండి పొగను. సౌండ్‌నూ, ఇంజిన్ ప్రోగ్రామ్‌నూ అది పట్టించుకోదు. సైలెన్సర్ విషయంలో 190(2) సెక్షన్ వేరేగా ఉంది: తొలిసారి దొరికితే 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్స్‌కు అనర్హత. అర్ధరాత్రి నెక్లెస్ రోడ్డులో ఆ మోత విని ముచ్చటపడేది నడిపేవాడొక్కడే అనుకోండి!

ర్యాప్ సులువు. రంగు ఆర్సీలో ఉంటుంది కాబట్టి ముందే ఆర్టీఏకు (రవాణా శాఖ ఆఫీసుకు) దరఖాస్తు పెట్టి నమోదు చేయించుకోండి. ఫిల్మ్ మాత్రం వద్దు. 2012లో సుప్రీంకోర్టు ఏ ఫిల్మూ అంటించకూడదంది. తర్వాత నిబంధన మారిందనీ, ముందు వెనక అద్దాల్లో 70 శాతం, పక్క అద్దాల్లో 50 శాతం వెలుతురు పోతే చాలనీ 2024లో కేరళ హైకోర్టు చెప్పింది. కానీ ఆ తీర్పుకు తెలంగాణలో కట్టుబడి తీరాలని లేదు. పంజాగుట్ట చౌరస్తాలో ఆపిన కానిస్టేబుల్‌తో దానిమీద వాదించి లాభం లేదు.

నాకు అసలు భయం చలానా గురించి కాదు, బీమా గురించి. రీమ్యాప్ సంగతి కంపెనీకి చెప్పకుండా ఔటర్ రింగ్ రోడ్డుపై ప్రమాదం జరిగితే, నష్టం లెక్కగట్టే సర్వేయర్ రిపోర్టులో ఆ మార్పు కనబడగానే మీ బండి మరమ్మతు క్లెయిమ్ ఇరుక్కుంటుంది. ఎదుటివారికి ఇవ్వాల్సిన పరిహారం విషయంలో కంపెనీ అంత తేలిగ్గా తప్పించుకోలేదు. మీ నష్టం మాత్రం మీ నెత్తినే పడవచ్చు. కంపెనీకి మెయిల్ పెట్టి, రాతపూర్వక జవాబు వచ్చాకే షాపుకి వెళ్లండి. ‘ఫోన్లో ఓకే అన్నారు’ అంటే కోర్టులో నిలబడదు.

వేగమే మీ సరదా అయితే బండిని ట్రక్కు మీద చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కో, కోయంబత్తూరు ట్రాక్‌కో తీసుకెళ్లండి. అక్కడి నిబంధనలు నిర్వాహకులవి. తిరిగొచ్చాక పాత సైలెన్సర్ బిగించేదాకా రోడ్డు మీదకు తేకండి.