టానిక్ కంటే ముందు నిద్ర సంగతి చూడండి

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. బాబు తొమ్మిదో తరగతి, ఒడియా మీడియం. చదువు కోసమని నిరుడు ఫోన్ కొనిచ్చాం. ఇప్పుడు పుస్తకం ముందు పది నిమిషాలు కుదురుగా కూర్చోడు. హోంవర్క్ ఏఐని అడిగి రాసేస్తున్నాడు. రాత్రి పన్నెండు దాకా దుప్పట్లో వీడియోలు చూస్తుంటాడు. మొన్న పాతపట్నం నుంచి మా అన్నయ్య వచ్చి అరగంట కూర్చున్నా తలెత్తి రెండు మాటలు మాట్లాడలేదు. ఇది ఏడీహెచ్‌డీనా (ధ్యాస నిలవక, కుదురు లేకుండా ఉండే సమస్య)? జ్ఞాపకశక్తికి టానిక్ ఏదైనా చెప్పండి.
– ఓ తల్లి, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, టానిక్ సంగతి ముందే చెప్పేస్తాను. జ్ఞాపకశక్తి పేరుతో అమ్మే సీసాలతో ఏకాగ్రత పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. ఆ డబ్బుతో కళ్ళ పరీక్ష చేయించండి. బోర్డు సరిగా కనబడని పిల్లాడు కూడా ధ్యాస లేనివాడిలాగే ఉంటాడు. మనిషి పాలిపోయినట్టుంటే హిమోగ్లోబిన్ కూడా చూపించండి.

ఏడీహెచ్‌డీ అనాలంటే లక్షణాలు 12 ఏళ్ళలోపే మొదలై ఉండాలి, ఇంట్లోనూ బడిలోనూ కనబడాలి. ఫోన్ రాకముందు మీవాడు ఎలా ఉండేవాడు? ఐదో తరగతి టీచర్ ఏమనేవారు? అప్పుడు బాగానే ఉన్నాడంటే ఆ అవకాశం తక్కువ.

నా అనుమానమంతా ఆ దుప్పటి మీదే. ఈ వయసు పిల్లలకు రోజూ 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పన్నెండింటికి పడుకుని ఆరింటికి ట్యూషన్‌కి లేస్తే ఆరు గంటలే. నిద్ర చాలని మెదడుకు చదివింది ఎక్కదు, చిన్న మాటకే చిరాకు వస్తుంది. మీరు రాసినవాటిలో సగం దీనివల్లే కావచ్చు.

మిగతా సగం మాటిమాటికీ ధ్యాస మళ్ళడం వల్ల. లెక్క మధ్యలో మెసేజ్ టింగుమంటుంది. చూసేది అర నిమిషమే అయినా తిరిగొచ్చాక ఎక్కడ ఆపాడో వెతుక్కోవాలి. 2017లో టెక్సస్ యూనివర్సిటీ పరిశోధకులు ఫోన్ బల్ల మీద ఉన్నవాళ్ళకంటే పక్క గదిలో పెట్టినవాళ్ళు పరీక్షల్లో మెరుగ్గా చేశారని చెప్పారు. తర్వాతి పరిశోధనల్లో కొన్నిటిలో అంత తేడా కనబడలేదు. అయినా పక్క గదిలో పెట్టడానికి మనకి ఖర్చేముంది!

ఏఐని పూర్తిగా మానిపించక్కర్లేదు. ముందు జవాబు తనే రాసి, తర్వాత దానితో సరిచూసుకోమనండి. కష్టపడి ఆలోచించే ఆ పది నిమిషాలే చదువు. దాన్ని యంత్రానికి అప్పగిస్తే నోటు పుస్తకం నిండుతుంది గానీ పరీక్ష హాల్లో బుర్ర పనిచేయదు.

ఇక మేనమామతో మాట్లాడకపోవడం. ఎదుటివాళ్ళ ముఖం చూసి మనసు పసిగట్టడం అలవాటుతో వచ్చేదే. అమెరికాలో ఆరో తరగతి పిల్లల్ని ఐదు రోజులు ఏ స్క్రీనూ లేని క్యాంపులో ఉంచితే ఆ నేర్పు మెరుగుపడిందని 2014లో ఒక పరిశోధన వచ్చింది. పోయిన అలవాటు తిరిగి వస్తుందన్నమాట. కానీ తప్పంతా ఫోన్ మీదకే నెట్టకండి. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు మాట్లాడే మన సరిహద్దు పిల్లలు కొందరు ఆంధ్రా చుట్టాల ముందు నోరు విప్పడానికి మొహమాటపడతారు. ‘నీ తెలుగేంట్రా ఇలా ఉంది?’ అని ఎవరో ఒకసారి నవ్వి ఉంటారు. అలాంటివాడు ఫోన్లో తల దూరుస్తాడు. మీ అన్నయ్యగారికి ఈ మాట నెమ్మదిగా చెప్పి, ఈసారి వచ్చినప్పుడు వాణ్ణి బజారుకు వెంటబెట్టుకెళ్ళమనండి. కూర్చోబెట్టి ప్రశ్నలేస్తే పిల్లలు మాట్లాడరు.

తొమ్మిదిన్నరకి ఇంట్లో ఫోన్లన్నీ హాల్లో చార్జింగ్‌కి పెట్టండి. అన్నీ అంటే వాళ్ళ నాన్నగారిదీ, మీదీ కూడా. మీ ఉత్తరంలో వాటి ఊసే లేదు! మొదట్లో గొడవ చేస్తాడు, కంగారుపడకండి. ఒక్కసారిగా లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేయడం మాత్రం వద్దు, దొంగచాటుగా చూడటం నేర్చుకుంటాడు.

నెలన్నర ఇలా చేసినా మార్పు లేకపోతే, లేదా బడికి వెళ్ళనని మొండికేసినా, తిండి మానేసినా, చచ్చిపోతానన్నా ఆలస్యం చేయొద్దు. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అంత దూరం వెళ్ళేలోగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు బాబు పాత ప్రోగ్రెస్ కార్డులు తీసుకెళ్ళండి, డాక్టరు వాటిని తప్పక అడుగుతారు.