ఇంగ్లండు చర్చి గోడల మీది డాళ్లలో కోడళ్ల పుట్టిళ్లు

"ఇంగ్లండులో పాత పారిష్ చర్చిలకు వెళ్తే గోడల నిండా రంగురంగుల డాళ్లు, సమాధుల మీద పడుకున్న దొరల విగ్రహాలే కనిపిస్తున్నాయి. ఈ జమీందారీ ఆడంబరంలో మనలాంటివాళ్లం చూడవలసింది ఏమైనా ఉందా?" అని అడిగారు. ఉంది, చాలా ఉంది. అయితే దొరలను కాసేపు పక్కన పెట్టి, ఆ ఇళ్లకు వచ్చిన కోడళ్లను వెతకాలి. స్విండన్‌లో కాపురముంటూ, ఊరి పడమటి అంచున లిడియార్డ్ పార్కులో ఉన్న సెయింట్ మేరీ చర్చికి వీలు చిక్కినప్పుడల్లా వెళ్లేవాడిగా ఈ మాట గట్టిగా చెప్పగలను.

ఈ డాళ్ల మీద ఉండేవి వంశ చిహ్నాలు. పెళ్లయిన పురుషుడి డాలును నిలువునా రెండు సగాలు చేసి, చూసేవారికి ఎడమవైపున అతని వంశ చిహ్నాన్ని, కుడివైపున భార్య పుట్టింటి చిహ్నాన్ని వేస్తారు. భార్య అన్నదమ్ములు లేని వారసురాలైతే ఆమె చిహ్నం చిన్న డాలుగా భర్త డాలు నడుమకు చేరుతుంది, ఆమె పిల్లలు ఆ రెండు చిహ్నాలనూ గళ్లుగా కలిపి తమ డాలు మీద వేసుకుంటారు. అందువల్ల డాలులో అదనంగా చేరిన ప్రతి గడి వెనుకా సాధారణంగా ఒక వారసురాలు ఉంటుంది. శాసనంలో "ఫలానావారి భార్య" అన్న రెండు మాటలతో సరిపెట్టిన స్త్రీకి కూడా డాలులో సగం వాటా దక్కడం నాకు అన్నిటికంటే విలువైన సంగతిగా తోస్తుంది.

ఈ చర్చిలో ఉన్నది లిడియార్డ్ ట్రెగోజ్ అనే ఊరిని ఏలిన సింజన్ కుటుంబం. రాతలో సెయింట్ జాన్ అనే రాస్తారు. వెండి రంగు డాలు, పైభాగాన ఎర్రని పట్టీ, ఆ పట్టీలో రెండు బంగారు నక్షత్రాలు వారి గుర్తు. అసలు ఈ ఊరు వారి చేతికి వచ్చిందే ఒక కోడలి వల్ల. 15వ శతాబ్దంలో ఆలివర్ సింజన్‌ను పెళ్లాడిన మార్గరెట్ బీచమ్ తన వారసత్వంగా ఈ భూమిని తెచ్చింది. భర్త పోయాక ఆమె సోమర్సెట్ డ్యూక్‌ను పెళ్లాడింది, వారికి పుట్టిన మార్గరెట్ బోఫోర్టే ఏడవ హెన్రీ రాజుకు తల్లి. సింజన్‌లు ట్యూడర్ రాజులకు చుట్టాలైంది ఆ తల్లి వైపు నుంచే. తూర్పు కిటికీలో అబ్రహాం వాన్ లింగే చిత్రించిన రంగుల అద్దాలలో, సెయింట్ జాన్ అనే పేరున్న ఇద్దరు బైబిల్ పునీతుల నడుమ నిలబడిన ఆలివ్ చెట్టుకు డాళ్లు వేలాడుతుంటాయి. ఆలివర్ పేరును గుర్తుచేసే ఆ చెట్టు కింద నిలబడి తల పైకెత్తి చూస్తే, ఊరు చేతులు మారిన కథ కొమ్మ కొమ్మకూ కనిపిస్తుంది.

అక్కడ నన్ను ఎక్కువసేపు నిలబెట్టేది 1615 నాటి చిత్రఫలకం. బీరువా తలుపుల్లా తెరుచుకునే ఈ ఎత్తైన చెక్క పలకలను సర్ జాన్ సింజన్ తన తల్లిదండ్రుల జ్ఞాపకార్థం చేయించాడు. తలుపులు మూసి ఉంటే వంశవృక్షాలు, డాళ్లు కనిపిస్తాయి, తెరిస్తే మొత్తం కుటుంబం నిలువెత్తున ఎదురవుతుంది. 1594లో మరణించిన తండ్రి, 1598లో మరణించిన తల్లి లూసీ హంగర్‌ఫర్డ్ మధ్యభాగంలో మోకరిల్లి ఉంటారు. ఒకవైపు సర్ జాన్, ఆయన భార్య యాన్ లేటన్, మరోవైపు ఆయన అక్కచెల్లెళ్లు ఆరుగురూ నిలబడి ఉంటారు. వంశావళిని కూర్చినది సర్ రిచర్డ్ సెయింట్ జార్జ్. ఆయన రాజుగారి కొలువులో వంశ చిహ్నాల అధికారి, పైగా సర్ జాన్ మేనత్తకు భర్త. అంటే ఈ లెక్కలను రాసిపెట్టిన వ్యక్తి కూడా ఆ ఇంటి ఆడపడుచు ద్వారా వచ్చిన బంధువే.

ఆ ఆరుగురిలో బార్బరా బకింగ్‌హామ్ డ్యూక్ సవతి అన్న ఎడ్వర్డ్ విలియర్స్‌ను, లూసీ లండన్ టవర్ అధికారి అయిన సర్ ఆలెన్ ఆప్‌స్లీని పెళ్లాడారు. రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరిగిన అంతర్యుద్ధంలో సర్ జాన్ ముగ్గురు కొడుకులు రాజు పక్షాన పోరాడి ప్రాణాలు కోల్పోయారు. వారిలో 1645లో గాయాలతో మరణించిన ఎడ్వర్డ్‌దే, ఇద్దరు పరిచారకులు తెరలు తొలగిస్తుండగా నిలబడిన బంగారు పూత విగ్రహం. అదే ఎడ్వర్డ్ మేనత్త లూసీ కూతురి భర్త జాన్ హచిన్సన్, 1649లో మొదటి చార్లెస్ రాజు మరణశిక్ష ఉత్తర్వు మీద సంతకం చేసినవారిలో ఒకడు. కొడుకుల వరుసనే చూస్తే ఇది రాజభక్తుల కుటుంబంగా కనిపిస్తుంది. ఆడపిల్లల వరుసను కూడా చూస్తేనే దేశం నిలువునా చీలిన తీరు ఒకే ఇంట్లో అర్థమవుతుంది. వచ్చినవారిలో చాలామంది బంగారు విగ్రహాన్ని ఫోటో తీసుకుని, చిత్రఫలకంలోని ఆ ఆరుగురి వైపు తల తిప్పకుండానే బయటికి వెళ్లిపోవడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

తెనాలి నుంచి మా అమ్మ వచ్చినప్పుడు ఆమెను కూడా అక్కడికి తీసుకువెళ్లాను. 1634 నాటి స్మారకం దగ్గర ఆమె ఆగిపోయింది. ఇద్దరు భార్యల నడుమ సర్ జాన్ పడుకుని ఉంటాడు, ఒక భార్య చేతిలో పసిబిడ్డ ఉంటుంది. నేనింకా నోరు విప్పకముందే, "ఈవిడ పురిట్లో పోయిందా నాయనా?" అని అడిగింది. అవునన్నాను. యాన్ లేటన్ 1628లో పదమూడవ కాన్పులో మరణించింది. రెండో ఆమె మార్గరెట్ విట్‌మోర్ అని, విగ్రహం చెక్కేనాటికి ఆమె బతికే ఉందని, 1637లో గాని పోలేదని చెప్పాను. అమ్మ ఆ రాతి ముఖాన్ని చాలాసేపు చూసి, "బతికున్న మనిషి ప్రతి ఆదివారం వచ్చి తన సమాధిని చూసుకుందన్నమాట" అంది. పక్కనున్న డాళ్లలో పుట్టింటి గుర్తులు ఎలా వేస్తారో వివరించినప్పుడు మాత్రం ఆమె ముఖం విప్పారింది. "మా అత్తగారి పుట్టింటి ఇంటిపేరు మీ నాన్నకే తెలియదురా. వీళ్లు నయం, గోడ మీద వేసి ఉంచారు" అంది.

సందర్భం వచ్చింది కనుక ఇంకొక మాట కూడా చెప్పాలి. పర్యాటక స్థలాల్లో ఇంటిపేరు చెబితే చాలు, "మీ వంశ చిహ్నం ఇదిగో" అని కప్పుల మీద, తాళంచెవుల గొలుసుల మీద అచ్చువేసి అమ్మేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. ఇంగ్లండులో చిహ్నం ఒక వ్యక్తికి మంజూరవుతుంది, అతని సంతానానికి సంక్రమిస్తుంది. అదే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన మరొకరికి దాని మీద హక్కు రాదు. 1484లో ఏర్పడిన కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ అనే సంస్థ నేటికీ ఈ వ్యవహారం చూస్తోంది. 16, 17 శతాబ్దాలలో దాని అధికారులు జిల్లాలు తిరిగి, ఎవరి చిహ్నం నిజమైనదో విచారించి, వంశావళులను నమోదు చేసేవారు. అంత శ్రద్ధగా కాపాడుకున్న పత్రాన్ని అలంకారపు బొమ్మగా మార్చి అమ్మడం అన్యాయం.

మీరు వెళ్లే చర్చిలో వజ్రం ఆకారంలో వేలాడదీసిన చెక్క పలకలు కూడా ఉంటే వాటిని తప్పక చూడండి, అవి అంత్యక్రియల కోసం వేసినవి. భర్త పోయి భార్య మిగిలితే, డాలు వెనుక భర్త వైపు నేపథ్యం నల్లగా, భార్య వైపు తెల్లగా ఉంటుంది. భార్య ముందు పోతే అది తారుమారవుతుంది. అక్షరం ముక్క లేకుండానే వెనుక మిగిలింది ఎవరో తెలిసిపోతుంది.

లిడియార్డ్ చూశాక లండన్ వెళ్లే పని పడితే, థేమ్స్ ఒడ్డున బాటర్‌సీ సెయింట్ మేరీ చర్చికి కూడా వెళ్లండి. ఇదే వంశానికి చెందిన రాజకీయవేత్త బోలింగ్‌బ్రోక్ 1751లో మరణించాక అక్కడే సమాధి అయ్యాడు. రూబిలియాక్ చెక్కిన ఆ స్మారకం మీద ఆయన ముఖం ఒక్కటే ఉండదు, ఫ్రాన్సు నుంచి వచ్చిన ఆయన రెండో భార్య ముఖం కూడా ఉంటుంది.