సైటేషన్లు 600, హెచ్-ఇండెక్స్ మాత్రం 7

ప్రశ్న: మేడం, కంప్యూటేషనల్ బయాలజీలో నా పీహెచ్‌డీ పూర్తయి నాలుగేళ్లయింది. 14 పేపర్లలో నా పేరుంది గానీ మొదటి పేరుగా ఉన్నవి మూడే. ఆర్‌ఎన్‌ఏ డేటా విశ్లేషణకు రాసిన ప్రోగ్రాం పేపర్‌కు 600 దాకా సైటేషన్లు వచ్చాయి, అంటే అన్ని పేపర్లు దాన్ని ఉదహరించాయి. అయినా హెచ్-ఇండెక్స్ 7 దగ్గరే ఆగింది. నాతో చదివినవాళ్లకు 15 దాటింది. ఇంటర్వ్యూ అంటేనే టెన్షన్. ప్రోగ్రాం పని పక్కన పెట్టి పేపర్ల సంఖ్య పెంచుకోమంటున్నారు అందరూ. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: పక్కన పెట్టకండి.

ముందు ఆ 7 సంగతి చూద్దాం. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించిన లెక్క ఇది. కనీసం ఏడేసి సైటేషన్లు వచ్చిన పేపర్లు మీకు ఏడున్నాయి, దాని అర్థం అంతే. ప్రోగ్రాం పేపర్‌కు 600 వచ్చినా 6,000 వచ్చినా అందులో అది ఒక్క పేపరే. పేపర్లో మీ పేరు ముందుందా, మధ్యలో ఉందా అన్నదీ ఆ లెక్కకు పట్టదు.

ప్రోగ్రాం రాసేవాళ్ల పని ఈ రంగానికి పునాది. ఈ రంగానికి ఆద్యురాలైన మార్గరెట్ డేహాఫ్ 1965లో, అప్పటికి తెలిసిన 65 ప్రోటీన్లలో అమైనో ఆమ్లాల వరుసలను చేర్చి పుస్తకంగా తెచ్చారు. అలనైన్ అనే అమైనో ఆమ్లానికి ఎ, గ్లైసిన్‌కు జి అని మనం రోజూ టైప్ చేసే ఒక్కక్షరం కోడ్ ఆవిడ చలవే. ఆ అక్షరాలు వాడినందుకు ఇవాళ ఆవిడకు ఎవరూ సైటేషన్ ఇవ్వరు. 1990లో వచ్చిన బ్లాస్ట్, 1994లో వచ్చిన క్లస్టల్ డబ్ల్యూ రెండూ వరుసలను పోల్చే ప్రోగ్రాంలే. 2014లో నేచర్ పత్రిక ప్రకటించిన, అత్యధిక సైటేషన్లు వచ్చిన 100 పేపర్ల జాబితాలో అవి మొదటి 15లో ఉన్నాయి.

నా అనుభవం ఒకటి చెప్తాను. జన్యువుల స్థానాలను ఒక ఫైల్ రూపం నుంచి ఇంకో రూపంలోకి మార్చే ప్రోగ్రాం రాశాను. బెడ్ ఫైల్‌లో లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, జీఎఫ్‌ఎఫ్‌లో ఒకటి నుంచి. మార్చే చోట ఆ ఒకటి కలపడం మరిచిపోయాను. పేపర్ వచ్చిన 11 నెలలకు, నాకు పరిచయం లేని ఒక విద్యార్థిని మెయిల్ పెట్టింది: "మేడం, ఏటీజీతో మొదలవ్వాల్సిన జన్యువు మీ ఫైల్‌లో సీఏటీతో మొదలవుతోంది. మొదలు ఒక్కక్షరం వెనక్కి జరిగినట్టుంది." కూర్చుని చూశాను. ఒక్కటి కాదు, అన్నీ జరిగాయి. జన్యువును మూడేసి అక్షరాల మాటలుగా చదువుతారు, ఒక్కక్షరం జరిగితే ఆ తర్వాతి మాటలన్నీ తప్పుతాయి. సరిచేయడం ఒక్క లైను పని. ఫలితాలన్నీ మళ్లీ తీసి, జర్నల్లో సవరణ వేయడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల పనికి ఏ ఇండెక్స్‌లోనూ చోటు లేదు. నా ఉద్యోగజీవితంలో నాకు అన్నిటికంటే విలువైన పని మాత్రం అదే. ఆ అమ్మాయి మెయిల్ ఇప్పటికీ దాచుకున్నాను.

ఇక ఇంటర్వ్యూ. ఆ 600లో ఓ నలభై పేపర్లు తెరిచి చదవండి. చాలావాటిలో మీ ప్రోగ్రాం పేరు పద్ధతుల భాగంలో ఒక వాక్యంలో ఉంటుంది, అంతే. కొన్నిటిలో మాత్రం అసలు ఫలితమే దాని మీద నిలబడి ఉంటుంది. అలాంటివి రెండు ఎంచుకుని, ఆ ల్యాబ్‌కు ఏం తెలిసింది, మీ ప్రోగ్రాం లేకపోతే ఎక్కడ ఆగిపోయేది అన్నది చెప్పండి. మధ్యలో పేరున్న పేపర్ల గురించి అడిగితే మీరు చేసిన పని ఏదో సూటిగా చెప్పండి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ మాట వస్తే, అది జర్నల్‌లోని పేపర్లకు వచ్చే సైటేషన్ల సగటే గానీ మీ పేపర్ కొలత కాదని చెప్పడానికి మొహమాటపడొద్దు.

ఒక లోటు మాత్రం నిజం. మొదటి పేరుతో మూడే ఉండటం ఎంపిక కమిటీ కంట్లో పడుతుంది. దానికి మందు ఇంకో పది పేపర్లలో పేరు చేర్చుకోవడం కాదు. మీ ప్రోగ్రాం వాడేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఒకటి ఉండే ఉంటుంది, మీ ఇన్‌బాక్స్‌లోనే వెతకండి. అందులో జీవశాస్త్రానికి సంబంధించినది ఎంచుకుని, మీ ప్రోగ్రాంతో మీరే జవాబు కనుక్కుని, మీ పేరే ముందు పెట్టి పేపర్ రాయండి.