ఎముకలు గట్టిపడితే మనిషి ఎందుకు వంగిపోతాడు?

నల్గొండ జిల్లా మర్రిగూడ దగ్గర ఉండే మీ పెద్దనాయనకు ఎక్స్‌రే తీసి, ఫ్లోరైడ్ వల్ల ఎముకలు గట్టిపడ్డాయని డాక్టర్ చెప్పారన్నారు. ఎముక గట్టిగా ఉంటే మంచిదే కదా, మరి నడుము ఎందుకు వంగిందని మీ ప్రశ్న. ఒకప్పుడు నేనూ ఇదే అడిగాను. మాది మునుగోడు వైపు ఊరు. ఇప్పుడు ఎక్స్‌రే టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను.

మా నాయిన కల్లు గీయడానికి తాళ్లెక్కేవాడు. ఆయన జబ్బు మొదట మెడలో కనిపించింది. చెట్టు కింద నిలబడి గెలను చూడాలంటే తల పైకి లేచేది కాదు, ఒళ్లంతా వెనక్కి వాల్చి చూసేవాడు. తర్వాత మోకు కట్టుకోవడానికి చేతులు వెనక్కి పోలేదు. రెండేళ్లు కీళ్లవాతం అనుకుని మందులు మింగాడు. ఏ నీళ్లు తాగుతున్నావని ఒక్కరూ అడగలేదు. ఊరంతా తాగేది బోరింగు నీళ్లే. ఇక్కడి గ్రానైట్ రాళ్లలోని ఫ్లోరైడ్ లోతు నీళ్లలోకి కరుగుతుంది.

కోర్సు చదివేటప్పుడు నాయిన ఎక్స్‌రే చూశాను. వెన్నుపూసలు సుద్దముక్కల్లా తెల్లగా ఉన్నాయి. ముంజేతిలో రెండు ఎముకలను కలుపుతూ ఒక పలచని పొర ఉంటుంది, మామూలుగా అది ఎక్స్‌రేలో కనిపించదు. నాయిన చేతిలో ఆ పొర కూడా అంచుల వెంట ముళ్లు ముళ్లుగా ఎముకైపోయింది.

బళ్లో మనకు 206 ఎముకలు, శరీరానికి ఆధారం అని చెప్పి వదిలేస్తారు. అందుకే ఎముకంటే గుంజలాంటిదని అనుకుంటాం. కానీ ఎముకకు ప్రాణం ఉంది. పాత ఎముకను తినేసే కణాలు, కొత్తది కట్టే కణాలు అందులో ఎప్పుడూ పనిలో ఉంటాయి. పెద్దవాళ్లలో ఏడాదికి సుమారు పదో వంతు ఎముక ఇలా మారుతుంది. ఒంట్లోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్లలోనే ఉంటుంది. రక్తంలో కాల్షియం తగ్గితే ఒళ్లు అక్కడి నుంచే తీసుకుంటుంది. రక్తకణాలు తయారయ్యేది కూడా ఎముకల్లోని మూలుగలోనే.

ఎముకలో కొలాజెన్ అనే పీచు, కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజం రెండూ ఉంటాయి. కోడి ఎముకను వెనిగర్‌లో కొన్ని రోజులు నానబెట్టి చూడండి. ఖనిజం కరిగిపోయి రబ్బరులా వంగుతుంది. అదే ఎముకను కాలిస్తే పీచు పోయి, చేత్తో నలిపితే పొడి అవుతుంది. పచ్చి కట్టె వంగి నిలుస్తుంది, ఎండు కట్టె పటుక్కున విరుగుతుంది. ఎముకకు గట్టిదనం ఎంత అవసరమో ఆ కాస్త సాగే గుణం కూడా అంతే అవసరం.

ఫ్లోరైడ్ చెడగొట్టేది దీన్నే. ఖనిజంలోకి దూరి అక్కడే కూర్చుంటుంది. కొత్త ఎముక కట్టే కణాలను రెచ్చగొడుతుంది. ఎముక పెరుగుతుంది గానీ దాని అల్లిక సరిగ్గా ఉండదు. అందుకే ఎక్స్‌రేలో దట్టంగా కనిపించినా పెళుసుగా ఉంటుంది. అన్నిటికంటే బాధాకరమైనది, ఎముకలను కట్టి ఉంచే స్నాయువులు కూడా ఎముకైపోవడం. మెడలో 7, ఛాతీ వెనక 12, నడుములో 5 వెన్నుపూసలు విడివిడిగా కదిలితేనే మనం వంగి లేస్తాం. అవి అతుక్కుపోతే, వంగిన మనిషి వంగినట్టే బిగుసుకుపోతాడు. వెన్నుపాము వెళ్లే దారి కూడా ఇరుకైతే కాళ్లు చచ్చుబడతాయి. నాయిన చివరికి మంచంలోనే ఉండిపోయాడు.

పిల్లల సంగతి వేరు. ఫ్లోరైడ్ నీళ్లకు తోడు తిండిలో కాల్షియం తక్కువైతే పెరిగే ఎముక మెత్తగా ఉండి కాళ్లే వంకరపోతాయి. గారపళ్లు, అంటే ఫ్లోరైడ్‌తో మచ్చలు పడిన పళ్లు కూడా చిన్నతనంలో, పళ్ల పైపొర తయారయ్యేటప్పుడు తాగిన నీళ్ల వల్లే వస్తాయి.

మీ పెద్దనాయన విషయంలో ఉన్నమాట చెప్తాను, ఇప్పటికే అతుక్కున్నది విడిపోదు. కానీ ముదరకుండా ఆపొచ్చు. నీళ్లు వెంటనే మార్చండి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, 1 లోపు ఉంటే మేలు. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఇంటింటికీ మంచినీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం నల్లా వచ్చినా బోరు నీళ్లు రుచిగా ఉన్నాయని అవే తాగేవాళ్లు మా ఊళ్లో ఇంకా ఉన్నారు. వంటకు కూడా బోరు నీళ్లు వాడొద్దు. పాలు, రాగి జావ, ఆకుకూరలు, ఉసిరి పెట్టండి. టీ తగ్గించండి, టీ ఆకులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. కాళ్లలో తిమ్మిరి, పట్టు తప్పడం ఉంటే ఆలస్యం చేయకుండా న్యూరాలజీ డాక్టర్‌కు చూపించండి.

ఇంట్లో మిగతావాళ్లను కూడా ఒకసారి చూడండి. మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు అందుకోగలరా? గడ్డం ఛాతీకి ఆనుతుందా? చేతులు చాచి, మోచేతులు మడిచి తల వెనక పట్టుకోగలరా? వీటిలో ఏది కష్టమైనా, నొప్పి లేకపోయినా సరే, ముంజేయి ఎక్స్‌రే, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి. మా నాయిన మెడ లేవనప్పుడే ఇవి చేయించి ఉండాల్సింది.