విరమణ ముంగిట షేర్లన్నీ అమ్మేయాలా?

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. మరో రెండేళ్లలో పదవీ విరమణ పొందుతాను. పొదుపులో అధిక భాగం షేర్ల ఫండ్లలోనే ఉంది. మార్కెట్ పడిపోతుందన్న భయంతో మొత్తాన్నీ బ్యాంకు డిపాజిట్లలోకి మార్చాలనుకుంటున్నాను. ఇది సరైన నిర్ణయమేనా?

జవాబు: మీ భయం అకారణమైనది కాదు. ఉద్యోగంలో ఉండగా మార్కెట్ పడితే కోలుకునే వరకు వేచి ఉండవచ్చు. విరమణ తర్వాత తొలి సంవత్సరాల్లో పడితే మాత్రం ఇంటి ఖర్చుల కోసం తగ్గిన ధరకే యూనిట్లు అమ్ముకోవలసి వస్తుంది, అలా అమ్మినవాటికి తర్వాతి పెరుగుదలలో భాగం ఉండదు. 100 ఉన్న నిధి 70కి తగ్గితే పూర్వస్థితికి రావడానికి దాదాపు 43 శాతం పెరగాలి. అదే ఏడాది ఖర్చులకు మరో 5 తీసుకుంటే ఆ పెరుగుదల 54 శాతం దాకా ఉండాలి.

అయినా మొత్తం డిపాజిట్లలో పెట్టమని నేను చెప్పలేను. ధరలు ఏటా 6 శాతం చొప్పున పెరిగితే పన్నెండేళ్లలో ఖర్చు రెట్టింపవుతుంది. మీరు మరో పాతికేళ్లకు పైగా ఈ నిధి మీదే ఆధారపడవలసి రావచ్చు. పింఛను వంటి ఆదాయం పోగా మిగిలే మూడు, నాలుగేళ్ల ఖర్చుకు సరిపడా సొమ్మును ఈ రెండేళ్లలో విడతలుగా డిపాజిట్లలోకి మార్చండి. అప్పులేమైనా ఉంటే ముందు వాటిని తీర్చండి. మిగిలిన దానిలో కొంత భాగాన్ని, మీరు నిశ్చింతగా నిద్రపోగలిగినంత మేరకు, షేర్లలోనే కొనసాగించండి.